బాలింత రాయి

వాన తర్వాత 903

పన్నెండు మంది వచ్చారు, పన్నెండు మందీ దిగి వెళ్ళారు. పన్నెండు మూత టిన్నులు ఇచ్చాను, పన్నెండూ వెనక్కి వెళ్ళాయి. ఆ టిన్నులు దొడ్డికి వెళ్ళడానికని చెప్పినప్పుడు కొత్తవాళ్ళ ముఖాలు చూసి తీరాలి. "మళ్ళీ మేమే మోసుకుపోవాలా?" అన్నాడు ఒకాయన. "నువ్వు తెచ్చుకున్నదే కదా నాయనా, నేనేం అదనంగా కట్టివ్వలేదు" అన్నాను. ఈ ఇసుకలో పూడ్చింది ఏదీ కుళ్ళదు. నలభై ఏళ్ళ కిందట పూడ్చింది కూడా గాలి లేచినప్పుడల్లా బయటికొచ్చి పలకరిస్తుంది.

తొమ్మిదో నంబరు ఆయన ఫోటో కోసం బాట రాళ్ళ మీంచి పక్కకు దిగాడు. నాలుగే అడుగులు. ఇసుక మీద నల్లగా, పొరపొరలుగా కనిపించేది మసి కాదు, నేల తోలు. దానికి ప్రాణం ఉంది. గాలికి ఇసుక లేచిపోకుండా పట్టుకునేది అదే. ఒక్క అడుగు మానడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది. నేను అరిచిన అరుపుకి రాయి ఎక్కే మూడో దారి మీద గూడు కట్టిన డేగ కూడా లేచి వెళ్ళింది. గుడ్లున్నాయని ఆ దారి మూసింది నేనే, దాన్ని లేపిందీ నేనే. సిగ్గేసింది. పావుగంటలో తిరిగొచ్చింది లెండి.

నేను కుళ్ళాయమ్మను. పెన్న ఎడారిలో ఈ ఇసుకరాయికి ఇరవై ఏళ్ళుగా కాపరిని. పద్దెనిమిది మీటర్ల రాయి, పద్నాలుగు దారులు. ప్రతి దారిలోనూ బోల్టులు దిగేసి ఉంటాయి. ఎక్కేవాళ్ళు వాటికి తాడు తగిలించుకుంటూ పోతే, కింద ఒకరు ఆ తాడు పట్టుకుంటారు. రోజుకు పన్నెండు మందే. వంతు రావడానికి ఇంచుమించు రెండేళ్ళు పడుతుంది.

ఆఖరి వాన నుంచి లెక్కపెట్టిన 914వ రోజుతో నా కాపలా అయిపోతుంది. నా చోటికి కొండల శాఖ ఒక పెట్టెను పంపుతోంది. అది తిండి అడగదు, అరవదు, డేగను లేపదు. ఇంకేం కావాలి!

వాన తర్వాత 904

సందర్శకులు రాకముందు, తెల్లారగానే, రాయి నాది. ఈ రోజు నీళ్ళ బండి పీరన్న వచ్చాడు. పీరన్నకు అరవై రెండు. వారానికి ఒక్కసారి కిందూరి నుంచి నీళ్ళు తెస్తాడు, నాలుగు రోజులకు సరిపడా మాటలూ తెస్తాడు. ఈ పది రోజులూ ఇక్కడే ఉండి తాడు పడతానన్నాడు. తాడు పట్టేటప్పుడు మాత్రం నోరు మూస్తాడు. అందుకే ఆయన చేతిలో నా ప్రాణం పెట్టగలుగుతున్నాను.

పదకొండో దారి మీద మళ్ళీ పడ్డాను. అదే చోట, మచ్చ దగ్గర.

"ఎన్నోసారి మే ఇది?" అన్నాడు.

"లెక్కపెట్టేది మానేసినాను పో అన్నా."

మచ్చ గురించి రాయాలి. ఈ చిట్టా రేపు ఎవరు చదువుతారో తెలియదు, చదివినవాళ్ళకు నా గురించి మంచే కనపడితే అది అబద్ధమవుతుంది.

ఇరవై రెండేళ్ళ కిందట, 1206 రోజుల తర్వాత వాన పడింది. అంత పెద్ద వాన మాలో చాలామంది అప్పటిదాకా ఎరగరు. రాయి నెత్తిన ఒక గుంట ఉంది, అందులో నీళ్ళు నిలుస్తాయని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ నీళ్ళు అందరికంటే ముందు నేనే తాగాలని పదకొండో దారి పట్టుకుని ఎగబాకాను. ముసలి కాపరి నాగముని వద్దు వద్దంటూనే, నేను ఆగనని తెలిసి తాడు పట్టాడు. పదమూడు మీటర్ల ఎత్తులో తమలపాకంత అంచు ఒకటి ఉండేది. ఆ దారికి ప్రాణం అదే, దాని పేరే తమలపాకు. దాని మీద బరువు వేశాను. బిస్కట్టులా ఊడి చేతిలోకి వచ్చింది.

తాడు ఆపింది. నాగముని నన్ను మెల్లగా దింపాడు. కొట్టలేదు, తిట్టలేదు. "బాలింతను లేపితివి కదమ్మా" అన్నాడు. అంతే.

వాన తాగిన రాయిని ఇక్కడ బాలింత అంటారు. పైకి ఆరినట్టే కనబడుతుంది కానీ లోపల రేణువుల్ని పట్టి ఉంచే జిగురు మెత్తబడి ఉంటుంది. మళ్ళీ బిగుసుకునే దాకా పురుడు. ఎవరూ తాకకూడదు. నాగముని రోజూ పొద్దున్నే ఆ దారి ఎక్కేవాడు. ఆ రోజు తర్వాత ఎక్కలేకపోయాడు. రెండేళ్ళకు పోతూ పోతూ కాపలా నాకే ఇచ్చాడు. విరగ్గొట్టినదానికే ఎందుకిచ్చాడని ఊరంతా అడిగింది. నేనూ అడిగాను. చెప్పలేదు.

తమలపాకు ఊడిన చోటే మచ్చ. నున్నగా, చేపకడుపులా ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ దాన్ని దాటలేదు. ఆ ముక్క నా దగ్గరే ఉంది, ఈ చిట్టా మీద బరువుగా పెట్టుకుంటున్నాను. రాయి దగ్గర్నుంచి గులకరాయి కూడా తీసుకుపోకూడదని రోజూ పన్నెండు మందికి చెప్పేది నేనే.

వాన తర్వాత 906

పెట్టె వచ్చింది. దాన్ని బిగించడానికి కోస్తా నుంచి నవనీత అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎండకు ముక్కు ఊడొస్తున్నా పని ఆపలేదు, అది నచ్చింది. పెట్టె నుంచి సన్నటి తీగలు తీసి రాయికి ఎండ తగిలే వైపు అతికించింది. పెట్టె మీద రెండు దీపాలు, ఎరుపు, పచ్చ. "రాయి పొడిగా ఉంది. అనుమతించడమైనది" అంది పెట్టె, పెళ్ళి శుభలేఖ చదివినట్టు.

"తొమ్మిది వందల రోజులుగా వాన లేదు తల్లీ. ఈ మాట చెప్పడానికి పెట్టె ఎందుకు?" అన్నాను.

నవ్వింది. తర్వాత దారుల జాబితా తీసింది, నవ్వు తగ్గింది.

"కుళ్ళాయమ్మ గారూ, పదకొండో దారి ఎవరూ ఎక్కినట్టు లేదండి. పెట్టె అప్పగింత నాటికి ఎక్కిన రుజువు లేని దారులు జాబితాలోంచి తీసేస్తారండి. బోల్టులు పీకేసి రంధ్రాలు పూడుస్తాం. ఎవరైనా చూసి ఎక్కబోతే ప్రమాదం కదండీ."

"అప్పగింత ఎప్పుడు?"

"మీ ఆఖరి రోజేనండి. 914. ఆ రోజు పీకే బృందంతో నేనే వస్తాను."

తప్పు ఆమెది కాదు. ఆమె చెప్పినదాంట్లో న్యాయం కూడా ఉంది, అదే నాకు ఇంకా కోపం. నాగముని పొద్దు పొడుపు దారి, నా చేతులతో పాడుచేసిన దారి, అసలు లేనట్టే పోతుంది. ఎనిమిది రోజులున్నాయి. నాకు యాభై ఏడు. కుడి చూపుడు వేలు చలికి వంగదు. ఎక్కాలి.

వాన తర్వాత 909

పడలేదు అని రాయాలనుంది. పడ్డాను. కానీ ఈ రోజు పడింది మచ్చ మీద కాదు, మచ్చ దాటాక!

ఇన్నేళ్ళూ మచ్చను చేతులతో దాటాలని చూశాను. చేతులకు అక్కడేమీ లేదు. ఈ పొద్దున కిందికి చూస్తే ఊడిన చోటి కింది అంచు మీద నీడ పడి, రెండు బియ్యపు గింజల మందాన ఒక గీత కనిపించింది. ఎడమ కాలు నడుం దాకా ఎత్తి బొటనవేలు దాని మీద ఆనించి లేచాను. కుడిచేయి పై అంచును తాకింది. తాకి జారింది.

కింద పీరన్న తాడుతో పాటు అడుగు పైకి లేచిపోయి, "తాకితివి! తాకితివి మే!" అని కేక. నోరు మూసుకోవాలన్న నియమం ఆయనే తప్పాడు. వేళ్ళ చివర్లు చీరుకున్నాయి. రెండు రోజులు ఆగి, తోలు ముదిరాక, 911న ఎక్కుతాను. ఎక్కుతాను అనే రాస్తున్నాను.

వాన తర్వాత 911

మబ్బు పట్టింది. ఇక్కడ మబ్బులు వస్తాయి, చూసి పోతాయి, గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని చుట్టాల్లాగా. తాడు సర్దుకుని రాయి మొదట్లోకి వెళ్ళాను. నడుం పట్టీ బిగించుకున్నాను. సుద్దపొడి చేతులకు పట్టించాను.

అరచేతిలో సుద్ద మీద ఒక చుక్క పడింది.

వాన తర్వాత 0

వాన.

ఇంకేం రాయను? పీరన్న నెత్తిమీద గుడ్డ తీసేసి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. బాటలో వస్తున్న పన్నెండు మందీ నిలబడ్డచోటే నిలబడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. నేల తోలు కళ్ళముందే నలుపులోంచి ఆకుపచ్చకు తిరిగింది. నేనూ ఏడ్చాను. కొంత వాన కోసం, కొంత పదకొండో దారి కోసం, ఏది ఎంతో తెలియదు. చేతికందింది నోటికందలేదు.

గుడిసె వెనకున్న ఒక్క వేపచెట్టు నుంచి రెమ్మలు తెంపి, తాడుకు గుచ్చి, బాటకు అడ్డంగా కట్టాను. పురిటింటి గుమ్మానికి కట్టినట్టు.

"బాలింతకు కాయం ముద్ద పెట్టినావా?" అన్నాడు పీరన్న, నన్ను నవ్వించాలని.

"నువ్వే నూరుకొచ్చి పెట్టు."

నవ్వు రాలేదు. పురుడు తక్కువలో తక్కువ మూడు రోజులు. నాకున్నవీ మూడే.

వాన తర్వాత 1

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఉదయం పది గంటలకు పెట్టె పచ్చబడింది. "రాయి పొడిగా ఉంది. అనుమతించడమైనది."

నిన్నటి పన్నెండు మంది, ఈ రోజు పన్నెండు మంది, మొత్తం ఇరవై నాలుగు మంది వేపరెమ్మల అవతల. రెండేళ్ళు ఎదురుచూసి వచ్చినవాళ్ళు. వంతు పోదని, రాయి ఆరాక ఎక్కవచ్చని చెప్పాను. అందులో ఒక నడివయసు ఆవిడ, సుబ్బరత్నమ్మ, గట్టిగానే అడిగింది.

"పచ్చలైటు పడె కదా. చేత్తో తాకితే పొడిగా ఉండాది. నువ్వెవరు ఆపేదానికి?"

మామూలుగా అయితే డేగ లేచేలా అరిచేదాన్ని. ఎందుకో అరవలేకపోయాను. ఆవిడ అడిగిన మాటే పొద్దున్నుంచి నా లోపలా ఎవరో అడుగుతున్నారు. ఆవిణ్ణి రాయి మొదట్లో, నీడ పడే చోటికి తీసుకెళ్ళాను. జానెడు లోతు తవ్వి, పిడికెడు ఇసుక తీసి, ఆవిడ చేతిలో పెట్టాను. "పిసుకమ్మా" అన్నాను.

పిసికి చేయి తెరిచింది. ఇసుక రాలలేదు. లడ్డూలా ముద్దగా కూర్చుంది, మీద ఆవిడ వేళ్ళ గుర్తులతో సహా.

"రాయి తాగిన నీళ్ళే కింద ఇసుక కూడా తాగుతాది. ఇసుక ఉండ కట్టినన్నాళ్ళూ రాయి లోపల పచ్చిదే. రాలిపోతే ఆరినట్టు. నాగముని నేర్పించినాడు నాకు" అన్నాను.

ఆవిడ ఆ ఉండను తవ్విన చోటే మళ్ళీ పెట్టి, పైన చదును చేసింది. పోయి సందర్శకుల పాక కింద కూర్చుని, మూట విప్పి జొన్నరొట్టెలు పంచింది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి పిసికి చూసి వెళ్ళారు.

వాన తర్వాత 2

తెల్లారగానే పీరన్న తాడు తెచ్చి నా ముందు పెట్టాడు. సందర్శకులు ఇంకా నిద్రలేవలేదు.

"ఎక్కు. ఒక్కసారి. ఎవరు చూస్తారు మే?"

తాడు చుట్టను పక్కకు జరిపాను.

"ఎల్లుండి నీకు గుడిసె లేదు, రాయి లేదు. వంతు రావల్లంటే రెండేళ్ళు. అప్పటికి బోల్టులే ఉండవు. పెట్టె పచ్చగానే చూపిస్తాండాది. రేపు ఎవరన్నా అడిగితే పెట్టె చెప్పింది అను."

నడుం పట్టీ కట్టుకున్నాను. ఇది రాయకుండా వదిలేయాలనుకున్నాను గానీ రాస్తున్నాను. కట్టుకున్నాను, తాడు ముడి వేసుకున్నాను, రాయి మీద రెండు చేతులూ పెట్టాను. వెచ్చగా ఉంది, పొడిగా ఉంది. ఎడమ కాలి బొటనవేలుకు ఆ గీత గుర్తుంది. రెండు బియ్యపు గింజల మందం. అది ఊడితే ఇక ఎవరికీ దారి లేదు, నాకే కాదు.

వంగి తవ్వాను. పిసికాను. ఉండ.

"ఒకసారి లేపినాను అన్నా, చాలు. కంచే చేను మేస్తే రేపు నేనెవరికి చెప్పగలను?"

పీరన్న నా నడుం దగ్గరి ముడి విప్పాడు. తాడు చుట్టచుట్టి బండిలో పెట్టేశాడు. ఆ తర్వాత చెరొక లోటా టీ తాగాం. పీరన్న మాట్లాడకుండా టీ తాగడం అదే మొదటిసారి చూశాను.

వాన తర్వాత 3

అప్పగింత. నవనీత ఇద్దరు పనివాళ్ళతో, బోల్టులు పీకే మరతో వచ్చింది. పెట్టె ఆమెకు కూడా పచ్చదీపమే చూపింది. పాక కింద నలభై ఎనిమిది మంది కూర్చుని ఉండటం చూసి, "వీళ్ళంతా ఎక్కడం లేదేంటండీ?" అంది.

"పదకొండో దారి ఎక్కలేకపోయాను" అని ముందు అదే చెప్పాను. "జాబితా నీ ఇష్టం. కానీ మర ఈ రోజు పెట్టద్దు తల్లీ. పచ్చి రాయిలోంచి బోల్టు పీకితే బోల్టు ఒక్కటే రాదు. పిడికిలంత రాయి కూడా వస్తుంది."

"పెట్టె పొడి అంటోంది కదండీ."

"నువ్వు తీగలు అతికించింది ఎండ వైపు. అది చూసేది రాతి తోలు. నువ్వు నన్ను నమ్మద్దు, పెట్టెనీ నమ్మద్దు. రా."

మోకాళ్ళ మీద కూర్చుంది. తవ్వింది, పిసికింది, తెరిచింది. ఉండ పగిలింది కానీ రాలలేదు. మళ్ళీ తీసి పిసికింది. మూడోసారి రాయికి ఇంకో చివర తవ్వింది. ఇంజనీరు కదా, ఒకటి చూసి ఒప్పుకోదు. నాకు ముచ్చటేసింది.

లేచి పనివాళ్ళతో, "మర బండెక్కించండి" అంది. కాగితం మీద ఏదో రాసి నాకు చూపించింది: పదకొండో దారి, రాయి లోపల తడి, బోల్టుల తొలగింపు వాయిదా.

"మళ్ళీ ఎప్పుడు వస్తారు?"

"బృందం ఈ వైపు మళ్ళీ వచ్చేది రెండేళ్ళకండి." కాగితం మడిచి, "పెట్టెను మార్చే అధికారం నాకు లేదు కుళ్ళాయమ్మ గారూ. పచ్చ చూపిస్తూనే ఉంటుంది. రేపట్నుంచి వీళ్ళకి ఎవరు చెబుతారండీ?" అంది.

పురుడుకు కట్టిన వేపరెమ్మలు ఎండి వంకర్లు తిరిగాయి. వాటిని విప్పలేదు. గుడిసె ఊడ్చి, టిన్నులు కడిగి బోర్లించి, ఇక వంతులు రాసుకునేదీ పెట్టే కాబట్టి దాని ముందు నిలబడి నా పేరు చెప్పాను, మామూలు సందర్శకురాలిగా. "మీ వంతు 685 రోజుల తర్వాత. నంబరు పన్నెండు" అంది. వేళ్ళ మీద లెక్క వేశాను. బృందం రావడానికి నలభై అయిదు రోజుల ముందు.

పోనీ లే, వేళ్ళ తోలు ముదరడానికి రెండేళ్ళు మంచిదే అనుకున్నాను. పీరన్న బండి ఎక్కాను. వెనక్కి తిరిగి చూడలేదు. పాక కింద వాళ్ళు లేచి రాయి దగ్గరికి పోవడం గనక చూస్తే బండి దూకేస్తానని నాకు తెలుసు.

వాన తర్వాత 340

కిందూరు. ద్వారబంధం పైకర్రకు పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు వేలాడుతున్నాను. అద్దెకిచ్చిన ఇంటావిడ కర్ర ఊడుతుందని గోల. ఊడదు, అది టేకు. ఎడమ కాలి బొటనవేలితో గోడ మీద బియ్యపు గింజల మందాన గీతలు గీసి నిలబడటం నేర్చుకుంటున్నాను. ఆవిడ అది కూడా చూసింది. ఇప్పుడు గోల చేయడం మానేసి జాలిపడుతోంది. గోలే నయం.

వాన తర్వాత 688

పెట్టె పచ్చ. "రాయి పొడిగా ఉంది. అనుమతించడమైనది."

ఎవరూ తాళ్ళు ముట్టుకోలేదు. నా ముందున్న పదకొండు మందీ పెట్టె వైపు చూడను కూడా చూడలేదు. బాట రాళ్ళ మీదుగా వరుసగా నడిచి, రాయి మొదట్లో నీడలో ఒంగి, జానెడు లోతు తవ్వి, పిడికిలి బిగించారు. ఇసుక వేళ్ళ సందుల్లోంచి సన్నగా రాలింది. తవ్విన చోటు పూడ్చి చదును చేశారు. ఆరువందల ఎనభై ఎనిమిది రోజులుగా వానే లేదు, ఆరక ఏమవుతుంది? అయినా చూశారు. నా ముందున్న పదహారేళ్ళ అమ్మాయి నాకు ఎలా పిసకాలో చూపించింది. "కొత్తనా అవ్వా? పెట్టె చెప్పినా సరే, ఇది చూసుకోవల్ల. మా సుబ్బరత్నమ్మత్త చెప్పింది" అంది.

"అట్లనా తల్లీ" అన్నాను. నాగముని నాకే కాపలా ఎందుకిచ్చాడో ఆ అమ్మాయి చేతిని చూస్తుంటే అర్థమైంది. విరగ్గొట్టినదాని చేతికే బరువు తెలుస్తుంది.

పీరన్న తాడు బిగించాడు. అరవై నాలుగు వచ్చాయి, ఆ చేతులు ఇప్పటికీ వణకవు. నడుం సంచిలో సుద్దపొడి పక్కన తమలపాకు పెట్టుకున్నాను.

"పో మే" అన్నాడు, ఇక నోరు మూసుకున్నాడు.

వాన తర్వాత 688, ఎండ ఎక్కాక

ఇది పైన కూర్చుని రాస్తున్నాను. వేళ్ళు ఇంకా వంగడం లేదు, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

కింద పీరన్న అరుస్తున్నాడు, ఆ పదకొండు మందీ అరుస్తున్నారు; పదకొండో దారి ఎక్కిన రుజువుకు ఆ పన్నెండు గొంతులు చాలు. డేగ లేచింది. ఈసారి నా తప్పు కాదు. గుంటలో నీళ్ళు లేవు, గుప్పెడు ఇసుక ఉంది. తమలపాకును తీసి అందులో పెట్టాను. ఇరవై నాలుగేళ్ళు ఈ రాయి ముక్క నా దగ్గర ఉంది. ఇక్కడినుంచి ఏదీ తీసుకుపోకూడదు.

మచ్చ కింది గీత అట్లాగే ఉంది. దిగేటప్పుడు దాని మీద కాలు పెట్టను.